భయానకం, అద్భుతం, ఔచిత్యం: ‘ద డెడ్లీ అసాసిన్’ (1976)పై అభిమానుల స్పందనల చరిత్ర

ఉపోద్ఘాతం

ఒక రచన వెలువడిన నాటి తీర్పుకూ, కాలాంతరంలో ఆ రచనకు దక్కిన స్థానానికీ పొంతన లేకపోవడం సాహిత్య చరిత్రలో కొత్త విషయం కాదు. అయితే ఆ తీర్పు ఎందుకు మారింది, ఎవరు మార్చారు, మారడానికి ఏ సాధనాలు తోడ్పడ్డాయి అనే ప్రశ్నలకు ఆధారాలతో సమాధానం చెప్పగల సందర్భాలు తక్కువ. ప్రాచీన కావ్యాల విషయంలో తొలి పాఠకుల మాట మనకు దక్కలేదు. ఇరవయ్యో శతాబ్దపు దృశ్య మాధ్యమాల విషయంలో మాత్రం తొలి ప్రేక్షకుల స్పందన చాలావరకు లిఖితరూపంలో నిలిచి ఉంది. అందువల్ల సహృదయుని గురించి అలంకారశాస్త్రం చేసిన ప్రతిపాదనలను పరీక్షించుకోవడానికి ఈ మాధ్యమాల చరిత్ర ఉపకరిస్తుంది.

ఆ దృష్టితో పరిశీలించదగినది బ్రిటన్‌లో బి.బి.సి. ప్రసారం చేసిన ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక కాల్పనిక ధారావాహికలోని ‘ద డెడ్లీ అసాసిన్’ అనే కథ. ఇది 1976 అక్టోబరు 30 నుంచి నవంబరు 20 వరకు నాలుగు శనివారాలలో నాలుగు భాగాలుగా ప్రసారమైంది. ప్రతి భాగాన్నీ ఒక కోటి 10 లక్షల మందికి పైగా చూశారు. ఈ కథపై ఆనాడు రెండు దిక్కుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. పిల్లలను భయపెడుతున్నదని నైతిక పరిరక్షణ ఉద్యమకారులు ఆక్షేపించారు. ధారావాహిక పరువు తీసినదని అభిమాన సంఘ నాయకత్వం ఆక్షేపించింది. తరువాతి తరం అభిమానులు ఇదే కథను ఆ ధారావాహికలోని ఉత్తమ రచనలలో ఒకటిగా గుర్తించారు.

ఈ చరిత్రను చెప్పేటప్పుడు సాధారణంగా మొదటి అభ్యంతరానికే ప్రాముఖ్యం లభిస్తుంది. ఛాందసులైన ఉద్యమకారులు ఒకవైపు, స్వేచ్ఛను కోరిన అభిమానులు మరొకవైపు నిలిచారన్నట్లుగా ఆ కథనం సాగుతుంది. ఆధారాలను పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. సంఘటితులైన అభిమానులే ఆనాడు తీవ్ర విమర్శకులు. వారి అసంతృప్తికి కారణం భయం కాదు, అద్భుతం లోపించడం. ఈ రెండు అభ్యంతరాల స్వభావాన్ని వేరుచేసి చూపడం, రెండవదానికి కాలం ఇచ్చిన సమాధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

‘డాక్టర్ హూ’ 1963 నవంబరు 23న ప్రారంభమైంది. శనివారం సాయంకాలం కుటుంబమంతా కలిసి చూడదగిన కార్యక్రమంగా దానిని రూపొందించారు. కాలంలోనూ అంతరిక్షంలోనూ సంచరించే ‘డాక్టర్’ అనే అపరిచితుడు కథానాయకుడు. అతని వెంట మానవ సహచరులు ఉంటారు. అతడు ఎక్కడివాడో, ఎవరి నుంచి పారిపోయి వచ్చాడో మొదటి ఆరేళ్లపాటు కథ స్పష్టం చేయలేదు. 1969లో వచ్చిన ‘ద వార్ గేమ్స్’ కథలో మాత్రమే అతడు టైమ్ లార్డ్స్ అనే జాతికి చెందినవాడని తెలిసింది. ఆ కథలో వారు దాదాపు దేవతాసమానులు. మాట పెద్దగా పెంచకుండానే నేరస్థుని శిక్షిస్తారు, సంకల్పంతోనే ఓడలను ఆపుతారు. వారి ఎదుట అంతవరకూ ఎవరికీ జంకని డాక్టర్ కూడా భయపడతాడు.

ఆ కొద్దిసేపటి దర్శనమే ప్రేక్షకుల మనసులో గాఢమైన ముద్ర వేసింది. వారి గ్రహం పేరు గాలిఫ్రే అని ‘ద టైమ్ వారియర్’ కథ ద్వారా వెల్లడి కావడానికి మరో నాలుగేళ్లు పట్టింది. ఆ కథను రచించిన రాబర్ట్ హోమ్స్ ఆ తరువాత ధారావాహికకు కథా సంపాదకుడయ్యాడు. 1975 నుంచి నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్, హోమ్స్ కలిసి ధారావాహిక స్వరూపాన్ని మార్చారు. పాశ్చాత్య సాహిత్యంలో గోథిక్ అని పేరుపొందిన భయానక సంప్రదాయాన్ని అంతరిక్ష కథల్లోకి తీసుకువచ్చారు. ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’లో ఈజిప్టు సమాధుల శవాలు నడిచాయి. ‘ద బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’లో ఫ్రాంకెన్‌స్టైన్ కథ మరో గ్రహం మీద పునరావృతమైంది. నాలుగవ డాక్టరుగా టామ్ బేకర్ అభినయం ఈ చీకటి కథలకు హాస్యాన్నీ ధైర్యాన్నీ సమకూర్చింది. ప్రేక్షకుల సంఖ్య పెరిగింది. అభ్యంతరాలూ పెరిగాయి.

‘ద డెడ్లీ అసాసిన్’కు ముందు ప్రసారమైన ‘ద హ్యాండ్ ఆఫ్ ఫియర్’ ముగింపులో సారా జేన్ స్మిత్ అనే సహచరి డాక్టరును విడిచి వెళ్లింది. ఆమె స్థానంలో మరొకరిని ప్రవేశపెట్టకముందే, ప్రయోగాత్మకంగా, సహచరి లేని కథ ఒకటి రాయాలని నిర్ణయించారు. 1963 నుంచి 1989 వరకు సాగిన ప్రథమ పరంపరలో డాక్టర్ సహచరులెవరూ లేకుండా కనిపించిన కథ ఇదొక్కటే.

కథావస్తువు, కథన విధానం

హోమ్స్ రచనకు డేవిడ్ మలోనీ దర్శకత్వం వహించాడు. కథకు ఆధారం ‘ద మంచూరియన్ క్యాండిడేట్’ తరహా రాజకీయ కుట్ర. గాలిఫ్రే అధ్యక్షుడు హత్యకు గురవుతున్న దృశ్యం డాక్టరుకు ముందుగానే మనసులో గోచరిస్తుంది. దానిని నివారించడానికి అతడు స్వగ్రహానికి వస్తాడు. తుపాకి చేతపట్టి నిలిచిన అతడే హంతకుడుగా పట్టుబడతాడు. మరణశిక్ష నుంచి తప్పించుకోవడానికి రాజ్యాంగంలోని ఒక నిబంధనను ఆశ్రయించి అధ్యక్ష పదవికి అభ్యర్థిగా నిలుస్తాడు. అసలు కుట్రదారు మాస్టర్ అనే పాత ప్రతినాయకుడు. అతనికి తోడ్పడినవాడు ఛాన్సలర్ గోథ్.

మాస్టర్ పాత్రను 1971 నుంచి 1973 వరకు రోజర్ డెల్గాడో ధరించాడు. 1973లో టర్కీలో జరిగిన కారు ప్రమాదంలో ఆయన మరణించాడు. ఆయన మాస్టర్ నాగరికుడు, మృదుభాషి, ఆకర్షకుడు. 1976లో అదే పాత్రను పీటర్ ప్రాట్ ధరించినప్పుడు ప్రేక్షకులకు కనిపించినది పన్నెండు పునర్జన్మలూ ముగిసి, చర్మం కుళ్లి, కళ్లు బయటికి వచ్చిన శవప్రాయమైన రూపం. ద్వేషం ఒక్కటే దానిని బతికించి ఉంచింది. మొదటి మాస్టర్ శృంగార వీరాలను అనుకరించే ప్రతినాయకుడైతే ఈ మాస్టర్ కేవలం బీభత్సానికి ఆలంబనం.

మూడవ భాగం చాలావరకు మేట్రిక్స్ అనే కల్పిత ప్రపంచంలో నడుస్తుంది. మరణించిన టైమ్ లార్డ్స్ జ్ఞాపకాలన్నిటినీ భద్రపరిచిన యంత్రంలోకి డాక్టర్ తన చైతన్యాన్ని పంపుతాడు. అక్కడ అడవి, రాతిగుట్టలు, ఇసుకలో నుంచి నవ్వే విదూషకుని ముఖం, విషవాయువు ముసుగు ధరించిన సైనికుడు, పై నుంచి కాల్పులు జరిపే విమానం, రైలు పట్టాలలో చిక్కుకున్న పాదం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సంభాషణ అత్యల్పం. అది వేట. కంప్యూటరు సృష్టించే కృత్రిమ ప్రపంచానికి మేట్రిక్స్ అనే పేరు తరువాతి నవలల్లోనూ సినిమాల్లోనూ ప్రసిద్ధికెక్కడానికి చాలా ముందే ఈ కథ ఆ భావననూ పేరునూ కూడా వాడుకున్నది. మూడవ భాగం చివర గోథ్ డాక్టరు తలను నీటిలో అదిమిపెడతాడు. మునిగిన ముఖం మీద చిత్రం నిలిచిపోతుంది. తరువాయి వచ్చే శనివారం.

మొదటి అభ్యంతరం: భయం

నిలిచిపోయిన ఆ చిత్రమే మేరీ వైట్‌హౌస్ ఆగ్రహానికి ప్రధాన కారణం. ఆమె పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసి, 1964లో టెలివిజన్‌ను శుభ్రపరచాలన్న ఉద్యమాన్ని ప్రారంభించిన వ్యక్తి. ఆ ఉద్యమం మరుసటి ఏడాది జాతీయ ప్రేక్షక శ్రోతల సంఘంగా రూపొందింది. హించ్‌క్లిఫ్ నిర్మించిన కథలపై ఆమె అప్పటికే పలుమార్లు ఫిర్యాదు చేసింది.

ఆమె వాదాన్ని కేవలం ఛాందసత్వమని తోసిపుచ్చడం చరిత్రకారునికి తగదు. ఆ వాదంలో మాధ్యమ స్వభావానికి సంబంధించిన ఒక సూక్ష్మ పరిశీలన ఉంది. నీటిలో మునిగిన ముఖం తెరమీద కొన్ని క్షణాలే ఉండవచ్చు. కానీ కథ అక్కడ ఆగడం వల్ల, చిన్నపిల్లల మనసులో ఆ చిత్రం వారం రోజులు నిలిచి ఉంటుంది. డాక్టర్ బతుకుతాడన్న ఊరట వారం తరువాత గానీ రాదు. అంటే ఆమె అభ్యంతరం హింసకు ఎంత వర్తిస్తుందో ధారావాహిక నిర్మాణానికీ అంతే వర్తిస్తుంది. భయం కలిగించడం ఒకటి, భయాన్ని తీర్చకుండా ప్రేక్షకుని ఇంటిలో వదిలిపెట్టడం మరొకటి.

భారతీయ నాట్య సంప్రదాయం ఈ సమస్యను ఎరుగును. భయానక బీభత్సాలను రసాలుగా అంగీకరించిన భరతుడే, యుద్ధం, మరణం, నగర ముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపక ప్రవేశకాదుల ద్వారా సూచించాలని విధించాడు. స్థాయీభావమైన భయం రసంగా పరిణమించడానికి కొంత దూరం అవసరమన్న గ్రహింపు ఆ విధిలో కనిపిస్తుంది. ఈ కథలో ఆ దూరాన్ని సమకూర్చే ఏర్పాటు ఒకటి లోపించింది. సహచరి పాత్ర మామూలుగా ప్రేక్షకుని పక్షాన భయపడుతుంది, ప్రశ్నిస్తుంది, ఊరట పొందుతుంది. ఆమె భయం బాలప్రేక్షకుని భయానికి ఒక ఆశ్రయం. సహచరి లేని ఈ కథలో, అందులోనూ మాటలు లేని మూడవ భాగంలో, భయం ఏ మధ్యవర్తీ లేకుండా నేరుగా ప్రేక్షకుని చేరింది. పెద్దలకు నచ్చిన గుణం ఇదే, పిల్లల విషయంలో అభ్యంతరకరమైనదీ ఇదే.

ఫిర్యాదుకు బి.బి.సి. డైరెక్టర్ జనరల్ సర్ చార్లెస్ కరన్ సమాధానమిచ్చాడు. ప్రసారానికి ముందే కొన్ని దృశ్యాలను తగ్గించారనీ, మరికొంత తగ్గించి ఉంటే బాగుండేదని విభాగాధిపతి భావించాడనీ అందులో అంగీకరించాడు. ఒక ప్రసార సంస్థ తన కార్యక్రమం హద్దు దాటిందని ఈ విధంగా ఒప్పుకోవడం ఉద్యమానికి విజయం. 1977లో గ్రాహమ్ విలియమ్స్ నిర్మాతగా వచ్చినప్పుడు భయాన్ని తగ్గించి హాస్యాన్ని పెంచమన్న ఆదేశం ఆయనకు అందింది. హించ్‌క్లిఫ్ ‘టార్గెట్’ అనే పోలీసు కథల ధారావాహికకు మారాడు.

రెండవ అభ్యంతరం: మహిమాభంగం

ఇదే 1976లో ‘డాక్టర్ హూ’ అభిమానుల సంఘం ఒకటి బ్రిటన్‌లో ఏర్పడింది. కార్యక్రమానికి జాతీయస్థాయిలో సంఘటితమైన అభిమానలోకం రూపుదిద్దుకుంటున్న తొలి దశ అది. సంఘ పత్రికలో అధ్యక్షుడు ‘ద డెడ్లీ అసాసిన్’పై రాసిన సమీక్ష నేటికీ అభిమానుల చరిత్రలో ప్రస్తావనకు వస్తుంది. ఆ సమీక్ష అత్యంత కఠినమైనది. టైమ్ లార్డ్స్ గురించి అంతవరకూ చెప్పిన దానినంతా ఈ కథ కాదన్నదని, వారిని వృద్ధులుగా, అసమర్థులుగా, అల్పులుగా చూపిందని సమీక్షకుడు వాదించాడు. డాక్టర్ హూలోని మాయ ఏమైపోయిందన్న ఆవేదనతో సమీక్ష ముగిసింది.

ఆ ఆవేదనకు ఆధారం కథలో ఉంది. ‘ద వార్ గేమ్స్’లోని దేవతాసమానుల స్థానంలో హోమ్స్ చూపినది అధికార వస్త్రాల బరువుకు నడుములు నొప్పులని గొణుక్కునే ముదుసలులు, ఉత్సవాన్ని టెలివిజన్‌లో వ్యాఖ్యానించే డాంబికుడైన పాత విద్యార్థి, పని భారంతో విసిగిన రక్షణాధికారి. చాప్టర్లుగా, కళాశాలలుగా విడిపోయిన ఆ సమాజం పాత ఆంగ్ల విశ్వవిద్యాలయాన్ని తలపిస్తుంది. తమ అధికారానికి మూలమైన మహాశక్తి ఎక్కడ ఉన్నదో కూడా వారికి గుర్తులేదు. అది వారి కాళ్లకిందనే, ఉత్సవ మండపం నేలలోనే ఉంది. వారు దానిని పురాణగాథగా మాత్రమే ఎరుగుదురు.

గమనించవలసినదేమంటే ఈ సమీక్ష భయాన్ని ఆక్షేపించలేదు. నిజానికి మొదటి వర్గం కోరినది భయానకాన్ని తగ్గించమని. రెండవ వర్గం కోరినది అద్భుతాన్ని తిరిగి ఇవ్వమని. విస్మయం స్థాయిగా గల అద్భుతం తెలియనిదానిని ఆశ్రయించి బతుకుతుంది. టైమ్ లార్డ్స్ ఎంత తక్కువగా కనిపిస్తే అంత గొప్పగా ఉంటారు. వారిని పగటి వెలుగులోకి తెచ్చి, వారికి గుమాస్తాలనూ ఎన్నికలనూ కుట్రలనూ కల్పించిన క్షణంలోనే విస్మయం తొలగి, దాని స్థానాన్ని హాస్యమూ బీభత్సమూ ఆక్రమించాయి. రెండు వర్గాలూ ఒకే కథను నిరసించినా వాటి నిరసనలకు మూలం ఒకటి కాదు. వాటిని కలిపి ‘ప్రతికూల స్పందన’ అని ఒకే పేరు పెట్టడం వల్లనే ఈ చరిత్ర అస్పష్టమైంది.

రచయిత పక్షం

హోమ్స్ తన కల్పనకు ఆధారాలను పాత కథలలోనే చూపాడు. తటస్థులమని, ఇతరుల వ్యవహారాలలో జోక్యం చేసుకోమని చెప్పుకునే టైమ్ లార్డ్స్ తమకు అవసరమైనప్పుడల్లా డాక్టరును రహస్య కార్యాలపై పంపారు. వారిలో నుంచి మాస్టర్, ఒమెగా, మోర్బియస్ వంటి నేరస్థులు పుట్టుకువచ్చారు. ఇంతమంది దుర్మార్గులను కన్న సమాజం పైకి చెప్పుకునేంత నిర్మలమైనదై ఉండదు. దేవతలనిపించిన వారు కపటులై ఉండాలన్నది ఆ పాత కథల నుంచి ఆయన తీసిన తార్కిక నిగమనం.

ఈ నిగమనాన్ని కథ చివరి ఘట్టం సమర్థిస్తుంది. గోథ్ ద్రోహం బయటపడిన తరువాత బోరూసా అనే పెద్ద మనిషి, డాక్టరుకు ఒకప్పటి గురువు, జరిగినదానిని జరిగినట్లు ప్రకటించడానికి ఒప్పుకోడు. ద్రోహి వీరుడుగా మరణించాడని, శత్రువును అతడే సంహరించాడని అధికారిక చరిత్రలో రాయించడానికి ఏర్పాట్లు చేస్తాడు. సత్యాన్ని ప్రజల మనోధైర్యానికి అనుగుణంగా దిద్దాలన్నది అతని సిద్ధాంతం. అమెరికాలో అధ్యక్షుని హత్య, తరువాత వాటర్‌గేట్ వ్యవహారం చూసిన ప్రేక్షకులకు 1976లో ఈ ఘట్టం అర్థం కాకపోదు. మహిమ అనేది ఎలా తయారవుతుందో ఈ ఘట్టం చెబుతుంది. అందువల్ల అభిమానులు పోగొట్టుకున్నామని బాధపడిన మహిమ, రచయిత దృష్టిలో, బోరూసా వంటివారు కూర్చిన అధికారిక పాఠం.

సిద్ధరసం, కవి స్వేచ్ఛ

ఇక్కడ తలెత్తే సిద్ధాంత ప్రశ్నను అలంకారశాస్త్రం వేయి సంవత్సరాలకు పైగా ముందే చర్చించింది. రామాయణాదుల వంటి సిద్ధరస కథలను స్వీకరించే కవి, వాటి రసానికి విరోధించే స్వేచ్ఛాకల్పనలు చేయరాదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో హెచ్చరించాడు. ప్రఖ్యాత కథలో శ్రోత మనసు ముందే ఒక రసానికి సిద్ధమై ఉంటుంది. దానికి విరుద్ధంగా నడిస్తే అనౌచిత్యం, అనౌచిత్యం వల్ల రసభంగం. సంభావ్యత లోపించడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాలలో మొదటిదిగా చెప్పి, ప్రఖ్యాత వస్తువును దానికి పరిహారంగా సూచించాడు. 1976 నాటి సమీక్షకుడు ఈ పరిభాషను ఎరుగకపోయినా అతని వాదం ఇదే. అతని దృష్టిలో టైమ్ లార్డ్స్ కథ సిద్ధరసం. దానికి స్థాయి విస్మయం. హోమ్స్ చేసినది రసవిరోధి అయిన స్వేచ్ఛ.

అయితే అదే ఆనందవర్ధనుడు రెండవ మాట కూడా చెప్పాడు. ఇతివృత్తవశాన వచ్చిన సన్నివేశం తాను ఉద్దేశించిన రసానికి అనుగుణంగా లేకపోతే కవి దానిని వదిలి, రసోచితమైన కొత్త కథను కల్పించుకోవచ్చు. కవి పని జరిగినదానిని ఒప్పగించడం కాదు, ఆ పని ఇతిహాసమే చేస్తుంది. తెలుగు పాఠకులకు ఇందుకు సన్నిహితమైన ఉదాహరణ శకుంతల కథ. భారతంలోనూ, దానిని అనుసరించిన నన్నయ రచనలోనూ దుర్వాస శాపం లేదు. కాళిదాసు దానిని కల్పించాడు. పిల్లలమర్రి పినవీరభద్రుని శృంగార శాకుంతలం నాటికి ఆ కల్పన కథలో విడదీయరాని భాగమైంది. ఒకనాటి స్వేచ్ఛ మరొకనాటి ప్రఖ్యాతి.

కాబట్టి సిద్ధరసం అనేది కథకు పుట్టుకతో వచ్చే లక్షణం కాదు. అది ప్రేక్షక సమాజం కాలక్రమంలో ఇచ్చే హోదా. ‘ద వార్ గేమ్స్’ ప్రసారమైనది 1969లో. సమీక్ష వెలువడే నాటికి గడిచినది ఏడేళ్లు. ఆ ఏడేళ్లలోనే ఒక్క కథ చివరి ఘట్టం అభిమానులకు ఉల్లంఘించరాని ప్రమాణమైంది. అంత స్వల్పకాలంలో ప్రమాణాన్ని నిర్మించిన సమాజమే మరికొంత కాలంలో దానిని మార్చగలదు. ఆ తరువాత జరిగినది అదే.

తీర్పు మారిన తీరు

తీర్పు మారడానికి మూడు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది పునరుక్తి. హోమ్స్ కల్పించిన గాలిఫ్రేను తరువాతి రచయితలు స్వీకరించారు. 1978లో ‘ది ఇన్వేజన్ ఆఫ్ టైమ్’, 1983లో ‘ఆర్క్ ఆఫ్ ఇన్ఫినిటీ’, ‘ద ఫైవ్ డాక్టర్స్’ అదే ఉన్నత వస్త్రధారణనూ, అదే పదవులనూ, అదే బోరూసానూ చూపాయి. 1986 నాటి సుదీర్ఘ విచారణ కథ మేట్రిక్స్ లోపలే ముగిసింది. రసిలాన్ అనే ఆదిపురుషుని పేరు మొదట వినిపించినది ‘ద డెడ్లీ అసాసిన్’లోనే. టైమ్ లార్డుకు పన్నెండు పునర్జన్మలు మాత్రమే ఉంటాయన్న నియమం కూడా ఇక్కడిదే. మాస్టర్ దుస్థితికి హేతువుగా హోమ్స్ వేసిన ఒక వాక్యం ఎంత బలమైన శాసనంగా మారిందంటే, 2013 డిసెంబరు 25న ప్రసారమైన ‘ద టైమ్ ఆఫ్ ద డాక్టర్’ కథ ఆ సంఖ్యను దాటడానికి ప్రత్యేకమైన వరాన్ని కల్పించవలసి వచ్చింది. సంప్రదాయాన్ని ధ్వంసం చేసినదని నింద మోసిన కథ సంప్రదాయానికి మూలగ్రంథమైంది.

రెండవది తరాల మార్పు. 1976లో ఎనిమిదేళ్ల వయసున్న ప్రేక్షకుడు ‘ద వార్ గేమ్స్’ చూసి ఉండడు. చూసే అవకాశమూ లేదు. గాలిఫ్రే అంటే అతనికి మొదటి దర్శనం ఈ కథే. పోగొట్టుకోవడానికి అతనికి పాత మహిమ ఏదీ లేదు. అతడు పెద్దవాడై 1980లలోనూ 1990లలోనూ అభిమాన పత్రికలలో రాయసాగినప్పుడు, ప్రమాణాలు నిర్ణయించే స్థానం అతనికి దక్కింది. సహృదయుని వాసనలు సంస్కారాన్ని బట్టి ఏర్పడతాయని చెప్పుకునే మాటకు ఇంత స్పష్టమైన చారిత్రక నిదర్శనం అరుదు.

మూడవది పునర్దర్శన సాధనం. 1976లో ఇళ్లలో వీడియో రికార్డర్లు దాదాపు లేవు. ఒకసారి చూసిన కథ జ్ఞాపకంలోనే మిగిలేది. ఆనాటి అభిమాని వార్తాపత్రికల ముక్కలను, టెలివిజన్ పక్కన పెట్టి పట్టిన ధ్వని ముద్రణలను, కథకు వచ్చిన నవలారూపాన్ని ఆశ్రయించేవాడు. ‘ద వార్ గేమ్స్’పై సమీక్షకుని ప్రమాణం కూడా ఏడేళ్ల నాటి జ్ఞాపకమే. జ్ఞాపకంలో దేవతలు మరింత ఎత్తు పెరుగుతారు. 1990ల తొలినాళ్లలో వీడియో టేపు, 2009లో డి.వి.డి. వెలువడిన తరువాత రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడటం సాధ్యమైంది. అప్పుడు మేట్రిక్స్ దృశ్యాల నిర్మాణం, బోరూసా ఘట్టంలోని వ్యంగ్యం, ప్రాట్ ముసుగు వెనుక నుంచి గొంతుతోనే సాధించిన అభినయం విమర్శకుల దృష్టికి వచ్చాయి. 2009లో ‘డాక్టర్ హూ’ మాసపత్రిక పాఠకులు అప్పటికి వెలువడిన 200 కథలకు ఇచ్చిన స్థానాలలో ఈ కథ పై వరుసలో నిలిచింది.

కోతపడిన ప్రతి

ఈ కథ చరిత్రలో పాఠపరిష్కర్తలకు ఆసక్తి కలిగించే మరొక అంశం ఉంది. ఫిర్యాదు తరువాత, 1977 పునఃప్రసారం కోసం, మూడవ భాగం ముగింపును కుదించారు. మునిగిన ముఖం మీద చిత్రం నిలిచే భాగాన్ని విడి నకలు నుంచి కాక, భద్రపరిచిన మూల టేపు నుంచే తొలగించారు. అందువల్ల ఆ ధారావాహిక చరిత్రలో అత్యంత వివాదాస్పదమైన ఆ కొద్ది క్షణాలు అధికారిక ప్రతిలో లేకుండా పోయాయి. తొలి ప్రసార సమయంలో బయట రికార్డు చేసిన ప్రతి మిగిలి ఉండటం వల్లనే డి.వి.డి.లో వాటిని పునరుద్ధరించడం సాధ్యమైంది. ఆ భాగంలోని చిత్రపు నాణ్యత తక్కినదానికంటే తక్కువగా ఉండటం అతుకును చూపుతుంది.

తాళపత్ర ప్రతులలో గ్రంథపాతాలను మరొక ప్రతితో పూరించిన తెలుగు పరిష్కర్తలకు ఈ పద్ధతి పరిచితమే. విశేషమేమంటే ఇక్కడ లోపం చెదపురుగుల వల్ల రాలేదు. ఒక వర్గం స్పందనే మూలపాఠాన్ని మార్చింది, మరో వర్గం శ్రద్ధే దానిని తిరిగి నిలిపింది. ప్రేక్షక స్పందన కృతికి వెలుపలి విషయమని, కృతి వేరు, దాని ఆదరణ వేరు అని భావించే విమర్శకు ఈ సంఘటన సమాధానం. నిజాన్ని దిద్ది అధికారిక చరిత్రలో పెట్టడం గురించిన కథకే అధికారిక ప్రతిలో కోత పడటం చరిత్ర కల్పించిన వ్యంగ్యం.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ‘ద డెడ్లీ అసాసిన్’ ఎదుర్కొన్న నిరసనలు రెండు వేర్వేరు రసదృష్టుల నుంచి పుట్టాయి. ఒకటి భయానకపు హద్దును గురించినది, రెండవది అద్భుతపు రక్షణను గురించినది. మొదటి నిరసనకు సంస్థ తలవంచి నిర్మాణ విధానాన్నీ మూల టేపునూ మార్చింది. రెండవ నిరసనకు సంస్థ ఏ సమాధానమూ ఇవ్వలేదు. కాలమూ, పునరుక్తీ, తరువాతి తరమూ దానికి సమాధానమిచ్చాయి.

అంతమాత్రాన 1976 నాటి సమీక్షకుడు పొరబడ్డాడని తేల్చడం సరికాదు. టైమ్ లార్డ్స్ దేవతాసమానత ఆ నవంబరులో నిజంగానే ముగిసింది. అతడు ఒక నష్టాన్ని చూసి చెప్పాడు. తరువాతివారు ఒక లాభాన్ని చూశారు. రెండూ సత్యాలే. 2020 మార్చిలో ‘ద టైమ్‌లెస్ చిల్డ్రన్’ అనే భాగం డాక్టరు పుట్టుపూర్వోత్తరాలను మళ్లీ మార్చినప్పుడు, అభిమానులు మళ్లీ రెండుగా చీలారు. అప్పుడు పాతదాన్ని పరిరక్షించాలన్న పక్షం ప్రమాణంగా నిలిపిన నియమాలలో హోమ్స్ కల్పించినవీ ఉన్నాయి. నాటి ధిక్కారం నేటి ధర్మశాస్త్రమైంది.

వారపత్రికలలో ధారావాహిక నవలలు దశాబ్దాలపాటు వారం వారం పాఠకులను నిరీక్షణలో నిలిపిన తెలుగు సాహిత్యంలో, ఆ నిరీక్షణ రూపొందించిన స్పందనలను, పాఠకుల ఉత్తరాలను, పుస్తకరూపంలో వచ్చిన మార్పులను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది. ఒక రచనను మొదట నిరసించినవారు ఏ రసాన్ని ఆశించి నిరసించారో తెలుసుకోనిదే, తరువాతివారు దానిని ఎందుకు ఆదరించారో చెప్పడం సాధ్యం కాదు.